అయిదేళ్ల గ్యాప్ తర్వాత అమెరికాలో డెంటల్ సీటు: ఒక కేస్ స్టడీ

ఇండియాలో బీడీఎస్ చేసి అమెరికా వచ్చిన పళ్ల డాక్టర్లు ఇక్కడ ప్రాక్టీస్ చేయాలంటే, చాలా రాష్ట్రాల్లో ఇక్కడి గుర్తింపు ఉన్న కాలేజీలో మళ్లీ డీడీఎస్ గానీ డీఎండీ గానీ చదవాల్సిందే. అయితే మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టక్కర్లేదు. అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ అనే దారి ఒకటుంది. కాలేజీని బట్టి రెండేళ్లు, కొన్నిచోట్ల మూడేళ్లు. ఎక్కువ కాలేజీలకు అప్లికేషన్ క్యాపిడ్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా వెళ్తుంది. నేనూ ఆ దారిలో వచ్చినదాన్నే. ఇప్పుడు క్లినిక్ చూసుకుంటూ, అప్లై చేసేవాళ్ల ఫైళ్లు చూసి నాకు తోచింది చెబుతుంటాను.

ఇది అలా నా దగ్గరికి వచ్చిన ఒక డెంటిస్ట్ కేసు. ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో పైకి లోపమేమీ కనిపించదు. మార్కులు బాగున్నాయి. బోర్డు పరీక్ష మొదటిసారే పాసైంది. ఇంగ్లిష్‌కి ఇబ్బంది లేదు. అయినా మొదటి సైకిల్‌లో, అంటే మొదటి ఏడాది అడ్మిషన్ల విడతలో, ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఊళ్లు, కాలేజీలు చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

2011లో ఎంసెట్ రాసింది. ఎంబీబీఎస్‌కి ర్యాంకు సరిపోక బీడీఎస్‌లో చేరింది. కాలేజీ ఇప్పటి తెలంగాణలో ఉంది. అప్పటికి రాష్ట్రం విడిపోలేదు కనుక యూనివర్సిటీ మాత్రం విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ. ఇంటర్న్‌షిప్ అయ్యాక ఒక జిల్లా కేంద్రంలో సీనియర్ డాక్టర్ దగ్గర ఏడాదిన్నర పనిచేసింది. 2018లో పెళ్లి, హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే) వీసా మీద అమెరికా. 2020లో పాప. పాప ఏడాది దాటాక చదువు మొదలుపెట్టి ఐఎన్‌బీడీఈ అనే బోర్డు పరీక్ష పాసై, ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్ రాసి, 2022 సైకిల్‌లో అప్లై చేసింది.

ఆ అప్లికేషన్ ఆమె సొంతంగా వేసుకున్నది. నా దగ్గరికి వచ్చింది 2023 జనవరిలో, ఫలితాలన్నీ వచ్చేశాక. "అక్కా, ఎక్కడ తప్పు జరిగిందో చెప్తే చాలు, ఈ మార్చిలో మళ్లీ వేసేస్తా" అంది.

ఫైల్ తెరిస్తే

ముందుగా ఐఎన్‌బీడీఈ సంగతి. ఇది రెండు రోజుల్లో 500 ప్రశ్నల పరీక్ష. మనవాళ్లు ఏడాది పాటు దీక్షలా చదువుతారు. కానీ ఫలితం పాస్ లేదా ఫెయిల్, అంతే. ఎంత బాగా రాశావో కాలేజీకి తెలియదు. అంటే పాసైనవాళ్లందరూ ఈ మెట్టు మీద సమానమే. ఎవరిని పిలవాలో తేల్చేది మిగతా ఫైల్. ఆమె శ్రమలో ముప్పాతిక వంతు ఈ పరీక్షకే పోయింది. మిగతా ఫైల్‌ని నెల రోజుల్లో కుట్టేసింది. నేను చూసే ఫైళ్లలో సగం ఇలాగే ఉంటాయి.

రెండోది తేదీలు. మార్కుల ఎవాల్యుయేషన్ రిపోర్టు (మన మార్కులను ఇక్కడి లెక్కలోకి మార్చి ఇచ్చేది) ఆలస్యమై ఆమె అప్లికేషన్ జులై చివర్లో పూర్తయింది. చాలా కాలేజీలు వచ్చినవి వచ్చినట్టే చదివి ఇంటర్వ్యూలకు పిలుస్తుంటాయి. గడువు మిగిలి ఉండటం వేరు, ఖాళీలు మిగిలి ఉండటం వేరు. ఇది నిజమైన కారణమే, కానీ ఇదొక్కటే అని నాకు అనిపించలేదు. ఎందుకంటే ఆలస్యంగా వేసినవాళ్లకీ ఒకటో రెండో పిలుపులు వస్తాయి.

మూడోది అనుభవాల పట్టిక. పాతిక దాకా ఉన్నాయి. ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు, వెబినార్లు, కాలేజీ ఫెస్ట్‌లో రంగోలి బహుమతి కూడా. 2018 తర్వాత రోగి నోట్లో చెయ్యి పెట్టిన దాఖలా మాత్రం ఒక్కటీ లేదు. ఉన్నదల్లా "వాలంటీర్ డెంటల్ అసిస్టెంట్, 800 గంటలు" అనే ఒక్క వరుస. అడిగితే తెలిసిందేమిటంటే, తెలిసినవాళ్ల ప్రైవేట్ క్లినిక్‌లో కూర్చుని చూసేది, అప్పుడప్పుడు సక్షన్ పట్టుకునేది. వర్క్ పర్మిట్ లేని హెచ్-4 మీద ఉన్న మనిషి, జీతం ఇచ్చి చేయించుకునే పనిని లాభాల కోసం నడిచే క్లినిక్‌లో ఊరికే చేశానని రాసుకుంటే అది కాలేజీ దగ్గర ఆగే విషయం కాదు, వీసాకి చుట్టుకోవచ్చు. ఈ ఒక్క వరుస చూసి నేను చదవడం ఆపి, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి రమ్మన్నాను.

నాలుగోది ఉత్తరాలు. ఇక్కడ కాస్త ఆగాలి.

మూడు ఉత్తరాలు, ఒకే చేయి

మన కాలేజీల్లో రికమెండేషన్ లెటర్ ఎలా వస్తుందో అందరికీ తెలిసిందే. సార్‌కి ఫోన్ చేస్తాం. "నువ్వే రాసి పంపించమ్మా, నేను చూసి పెడతాను" అంటారు. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు. వాళ్లకు పని ఎక్కువ, మన మీద నమ్మకం. ఆమె కూడా ముగ్గురికీ తనే డ్రాఫ్ట్ రాసి పంపింది. పోర్టల్‌లో పెట్టాక ఉత్తరాలు మనకు కనిపించవు గానీ ఆ డ్రాఫ్ట్‌లు ఆమె లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివాను.

చేతి నైపుణ్యం అద్భుతం, పేషెంట్లతో ఎంతో ఓర్పు అన్న వాక్యం రెండింటిలో మక్కీకి మక్కీ. మూడోదాంట్లో మాటలు అటూ ఇటూ అయ్యాయి. మూడింటిలోనూ రెండో పేరా ఒకే మాటతో మొదలైంది. పైగా స్టేట్‌మెంట్‌లోనూ, అంటే అప్లికేషన్‌తో పాటు తన గురించి తను రాసుకునే వ్యాసంలోనూ, అదే శైలి. వందల ఫైళ్లు చదివే కమిటీకి ఇది పట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పట్టుకున్నాక ఆ మూడు ఉత్తరాలూ ఉన్నా లేనట్టే. అంతకంటే ఇబ్బంది, మిగతా ఫైల్ మీద కూడా అనుమానం పడుతుంది.

వాళ్లలో ఒకరు ఇంకో మెట్టు దిగి, "నా పేరు మీద నువ్వే ఒక మెయిల్ ఐడీ పెట్టుకుని సబ్మిట్ చేసేయ్" అన్నారట. ఆమె భయపడి ఆ పని చేయలేదు. బతికిపోయింది. ఉత్తరం రాసేవాళ్లే స్వయంగా పెట్టాలని పోర్టల్ నియమం. ఇది బయటపడితే ఆ ఏడాదితో పోయేది కాదు.

మొదటి నిర్ణయం: ఆ మార్చిలో వేయకపోవడం

ఆమెకు ఇది నచ్చలేదు. ఒక ఏడాది అంటే మాటలా అంది. నా లెక్క ఇది: రెండోసారి వేసేవాళ్లను కొన్ని కాలేజీలు సూటిగా అడుగుతాయి, పోయినసారికీ ఇప్పటికీ ఏం మారిందని. మార్చి నాటికి ఆమె దగ్గర చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. స్టేట్‌మెంట్ మెరుగుపరిచి తొందరగా వేస్తే ఒక పిలుపు రావచ్చేమో గానీ, వచ్చాక బెంచ్ టెస్ట్ ఉంటుంది. బొమ్మ నోట్లో ప్లాస్టిక్ పళ్ల మీద క్రౌన్ ప్రిపరేషనో (క్యాప్ కోసం పన్ను అరగదీయడం), క్లాస్ టూ కావిటీయో (రెండు పళ్లు తగిలే పక్క వైపు ఫిల్లింగ్ కోసం చేసే గుంట) చేసి చూపించాలి. అయిదేళ్లుగా హ్యాండ్‌పీస్ (పళ్ల డ్రిల్) పట్టని చేయి అక్కడ దొరికిపోతుంది. అప్పుడు రెండోసారి తిరస్కరణ కూడా ఫైల్‌లో చేరుతుంది.

ఆమె భర్త ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) చేస్తే ఎలా ఉంటుందని అడిగారు. చాలామంది చేస్తారు, ప్రొఫైల్ బలపడుతుందని. అది ఎవరికి పనికొస్తుందో చూడాలి. బీడీఎస్ మార్కులు తక్కువైనవాళ్లకు, సప్లిమెంటరీలు ఉన్నవాళ్లకు ఇక్కడి జీపీఏ ఒకటి చూపించుకోవడానికి ఉపయోగం. లేదా పబ్లిక్ హెల్త్ మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్లకు. ఈమె మార్కులకు ఆ లోటు లేదు. ఫైల్‌లో ఖాళీ ఉన్నది చదువు దగ్గర కాదు, చేతుల దగ్గర. రెండేళ్లు, అంత డబ్బు పెట్టి ఆ ఖాళీని ఇంకో రెండేళ్లు పొడిగించుకోవడం అవుతుంది. వద్దన్నాను.

ప్రయత్నించి వదిలేసినవి

ముందు ఇక్కడే క్లినికల్ అనుభవం సంపాదించాలని చూశాం. చుట్టుపక్కల క్లినిక్‌లకు మెయిళ్లు పెట్టింది. కొందరు చూడటానికి రమ్మన్నారు. వెళ్లింది. అది షాడోయింగ్ (పక్కన ఉండి చూడటం) అనే రాసుకోవాలి, అంతకుమించి కాదు. ఉచిత డెంటల్ క్యాంపుల్లో నమోదు, శుభ్రం చేసిన పరికరాలు సర్దడం లాంటి పనులు దొరికాయి. ఇవి నిజాయితీగా రాసుకోదగ్గవే. ఇక్కడి పేదవాళ్లకు పళ్ల వైద్యం ఎంత దూరమో ఆమెకు అక్కడే తెలిసింది. కానీ ఆరు నెలల తర్వాత కూడా "చివరిసారి పంటికి ఫిల్లింగ్ ఎప్పుడు చేశావు" అన్న ప్రశ్నకు జవాబు 2018 అనే ఉంది.

ఒక కాలేజీలో డబ్బు కట్టి చేసే ప్రిసెప్టర్‌షిప్ ఆలోచించాం. ప్రొఫెసర్లు దగ్గర నుంచి చూస్తారు, ఉత్తరం ఇవ్వవచ్చు. అయితే అది చాలావరకు పరిశీలనే, ఫీజు ఎక్కువ, పాపని వదిలి వేరే రాష్ట్రంలో ఉండాలి. పక్కన పెట్టేశాం.

స్టేట్‌మెంట్‌నీ తిరగరాయించాను, మొదటి రెండు ప్రయత్నాలూ కుదరలేదు. చిన్నప్పటి నుంచీ డెంటిస్ట్ కావాలన్నదే కల అని మొదలవుతుంది. అది అబద్ధమని ఎంసెట్ సంగతి తెలిసిన ఎవరికైనా తెలుసు. అమెరికా వాళ్లకు తెలియదుగా అంటుంది ఆమె. తెలియకపోయినా ఆ పేరాలో రంగూ రుచీ ఉండవు, ఎందుకంటే అందులో జరిగింది ఏమీ లేదు.

పనిచేసినవి

దారి చూపింది ఆమె పాత సీనియర్. ఆయన క్లినిక్‌లో ఒక కుర్చీ ఖాళీగా ఉంది, వస్తే కూర్చోమన్నారు. ఆమె లైసెన్స్ ఉన్నది ఇండియాలో. చట్టప్రకారం రోగిని ముట్టుకోగలిగేదీ అక్కడే. ఇంత మామూలు విషయం మా ఇద్దరి కళ్లెదుటే ఉన్నా, అందరూ అమెరికా అనుభవం అమెరికా అనుభవం అనడం మమ్మల్ని అటు చూడనివ్వలేదు. రిస్క్ ఒకటే, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరింది. తిరిగి రావాలంటే హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టాంపింగ్ కావాలి. స్లాట్ చేతిలో పడ్డాకే టికెట్లు బుక్ చేశారు. డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంది. పాపను అమ్మ చూసుకుంది. 2023 సెప్టెంబర్ నుంచి దాదాపు అయిదు నెలలు వారానికి ఆరు రోజులు పనిచేసింది.

నేను అడిగింది ఒక్కటే: రోజూ ఒక నోటుబుక్‌లో కేసు రాయమన్నాను. పేరు వద్దు. ఏం చూశావు, రెండు దారులుంటే ఏది ఎంచుకున్నావు, ఎందుకు. కొన్ని పేజీలు ఫోటో తీసి పంపేది. ఒకటి గుర్తుంది: కింది మోలార్, నొప్పి, రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలుస్తుంది. కానీ పేషెంట్‌ రోజు కూలి, క్యాప్‌కి డబ్బు లేదు, మళ్లీ మళ్లీ రాలేడు. క్యాప్ లేకుండా రూట్ కెనాల్ చేసి వదిలితే ఆర్నెల్లకో ఏడాదికో పన్ను చీలుతుందేమో. తీసేయమని అతనే అంటున్నాడు. ఆమె ఆ రోజు తీయలేదు. నొప్పి తగ్గేలా పల్ప్ (పంటి లోపలి నరం) తీసి, తాత్కాలికంగా మూసి, క్యాప్ డబ్బు వాయిదాల్లో తీసుకోమని సీనియర్‌ని అడిగింది. ఈ పేజీ చదివాక ఆమె స్టేట్‌మెంట్ ఎక్కడుందో నాకు తెలిసిపోయింది.

కొత్త స్టేట్‌మెంట్‌లో బీడీఎస్ తన మొదటి ఎంపిక కాదని రెండో వాక్యంలోనే చెప్పేసింది. ఆ వెంటనే ఇంటర్న్‌షిప్‌లో నల్గొండ వైపు ఫ్లోరైడ్ గ్రామాల క్యాంపులు. ఇక్కడ నాకు భయం వేసింది, ఎందుకంటే ఆ వైపు చదివిన ప్రతివాళ్లూ ఫ్లోరోసిస్ గురించి రాస్తారు. జాలి పేరాలు తీసేయించి, తను చేసిన పనినే ఉంచమన్నాను: పళ్లు ఎంత మచ్చపడ్డాయో స్కోర్ వేయడం, ఏ బోరు నీళ్లు తాగుతున్నారో రాసుకోవడం, గోధుమరంగు మచ్చలు పోవాలని అడిగిన పదో తరగతి పిల్లకు ఆ క్యాంపులో ఏం చేయగలమో ఏం చేయలేమో చెప్పడం. గ్యాప్ గురించి రెండే వాక్యాలు. పెళ్లి, పాప, పని చేయడానికి వీల్లేని వీసా. సంజాయిషీ లేదు. తర్వాతి వాక్యంలోనే 2023 నాటి క్లినిక్ సంగతి.

ఉత్తరాలకు పద్ధతి మార్చాం. డ్రాఫ్ట్ పంపలేదు. ఒక్కో సార్‌కి ఒక్క పేజీ నోట్ పంపింది, ఆయన దగ్గర తను చేసిన రెండు మూడు కేసులు గుర్తు చేస్తూ. ప్రోస్థో (కట్టుడు పళ్ల విభాగం) సార్‌కి పంపినదాంట్లో ఒక కంప్లీట్ డెంచర్ కేసు ఉంది: ట్రై-ఇన్ రోజు, అంటే సెట్టు నోట్లో పెట్టి చూసే రోజు, కింది సెట్టు కదులుతోందని తనే చెప్పి, మళ్లీ ఇంప్రెషన్ తీస్తానని అడిగిన కేసు. ఆయన ఫోన్ చేసి, "ఆ చుట్ట తాగే తాత కదమ్మా, నాకు గుర్తొచ్చాడు" అన్నారట. అంతే, ఉత్తరం ఆయనే రాశారు. ఇంగ్లిష్ ఎలా ఉందో మాకు తెలియదు, తెలియనక్కర్లేదు. రెండోది క్లినిక్ సీనియర్ రాశారు. డీన్ ఉత్తరం కొన్ని కాలేజీలు అడుగుతాయి కనుక మామూలుగా తెప్పించాం, దాని మీద ఆశ పెట్టుకోలేదు.

కాగితాల్లో ఒక చిక్కు వచ్చింది. రెండో జాబితాలో ఒక కాలేజీ వేరే సంస్థ ఎవాల్యుయేషన్ అడగడంతో, ఇండియాలో ఉండగానే విజయవాడ నుంచి మళ్లీ ట్రాన్‌స్క్రిప్ట్ తీసుకోవాల్సి వచ్చింది. 2022 చివర్లో యూనివర్సిటీ పేరును వైఎస్సార్ హెల్త్ యూనివర్సిటీగా మార్చారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ ఎన్టీఆర్ పేరే పెట్టారు. ఈమె డిగ్రీ మీద ఒక పేరు, కొత్త కవరు మీద ఇంకో పేరు. రెండూ ఒకే యూనివర్సిటీ అని చెప్పే వివరణ ముందుగానే జతచేయించాం. మధ్య కాలంలో కాగితాలు తీసుకున్నవాళ్లు ఇది చూసుకోవాలి. టోఫెల్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కనుక అదీ మళ్లీ రాసింది.

2024 సైకిల్ తెరిచిన కొద్ది రోజులకే అప్లికేషన్ పూర్తి. కాలేజీల సంఖ్య పోయినసారికి సగం కంటే తక్కువ. అనుభవాలు పాతిక నుంచి తొమ్మిదికి దిగాయి. 800 గంటల వరుస ఇప్పుడు షాడోయింగ్ కింద, నిజంగా చూసిన గంటలతో ఉంది.

బెంచ్ టెస్ట్‌లో 14

మొదటి పిలుపు జూన్‌లో వచ్చింది. ఇంటర్వ్యూ బాగా జరిగింది. బెంచ్ టెస్ట్‌లో 14వ పన్నుకి క్రౌన్ ప్రిపరేషన్ ఇచ్చారు. మన కాలేజీల్లో పళ్లకు నంబర్లు వేయడానికి నేర్చుకున్న ఎఫ్‌డీఐ లెక్కలో 14 అంటే పై కుడి మొదటి ప్రీమోలార్. ఇక్కడి యూనివర్సల్ లెక్కలో పై ఎడమ మొదటి మోలార్. ఈ తేడా ఆమెకు తెలియక కాదు, ఐఎన్‌బీడీఈ అంతా ఈ లెక్కలోనే చదివింది. కానీ క్లినిక్‌లో అయిదు నెలలు మళ్లీ ఎఫ్‌డీఐలో రాసింది. టెన్షన్‌లో చేయి పాత చోటికే పోయింది. ప్రీమోలార్ పైభాగం కొంత తగ్గించాక తెలిసింది. తనే చెప్పింది. వేరే పన్ను ఇవ్వలేదు. ఆ సీటు పోయింది.

తర్వాతి పిలుపుకి మధ్య ఉన్న వారాల్లో ఒక ల్యాబ్‌లో టైపోడాంట్ (ప్లాస్టిక్ పళ్ల బొమ్మ) మీద కూర్చుంది. అక్కడ ఎలక్ట్రిక్ హ్యాండ్‌పీస్. మన ఎయిర్‌రోటర్ (గాలితో తిరిగే డ్రిల్) కంటే బరువు, పైగా నొక్కినా వేగం తగ్గదు. ఎయిర్‌రోటర్ అలవాటున్న చేయి దీంతో ఎక్కువ కోసేస్తుంది. పై పళ్లన్నీ అద్దంలో చూస్తూనే చేయమన్నాను, మెడ వంచి నేరుగా చూడొద్దని. పుట్టీ ఇండెక్స్ (ముందే తీసుకున్న పంటి అచ్చు) పెట్టి ఎంత తగ్గిందో కొలుచుకోవడం, క్లాస్ టూ చేసేటప్పుడు పక్క పన్ను గీరుకోకుండా మెటల్ బ్యాండ్ పెట్టడం, ఇవన్నీ టైమ్ పెట్టుకుని. ఇక బర్ (డ్రిల్ మొన) తగలక ముందు "పైన, ఎడమ, మొదటి మోలార్" అని పైకి అనుకుని పంటి మీద పెన్సిల్ గీత పెట్టడం.

తర్వాతి రెండు చోట్లా బెంచ్ బాగానే పోయింది. ఒకచోట ఇంటర్వ్యూలో నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం గురించి అడిగారు. తను చూసిన ఊళ్లలో తాగే నీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వేసే నల్గొండ టెక్నిక్ తయారుచేశారని, తాగే నీళ్లకు డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములని, అమెరికాలో కలపమనేది 0.7 అని, రెండు చోట్లా డాక్టర్ ముందు అడగాల్సింది ఈ మనిషి ఏ నీళ్లు తాగుతోంది అనేదేనని చెప్పింది. దీన్ని మేం రిహార్సల్ చేయలేదు. బట్టీ పట్టించిన జవాబులు నేను ముందే ఆపించేశాను, వాటిలో ఆమె గొంతే మారిపోయేది.

రెండు సీట్లు వచ్చాక

రెండు చోట్లా సీటు ఇచ్చారు. ఒకటి ప్రైవేట్ కాలేజీ, రెండేళ్లు, ఫీజు ఏడాదికి లక్ష డాలర్ల పైమాటే. ఇంకోటి స్టేట్ యూనివర్సిటీ, ఫీజు తక్కువ, కానీ దాదాపు మూడేళ్లు, వేరే రాష్ట్రం. అందరూ తక్కువ ఫీజు వైపే చూడమన్నారు. నేను ఒక కాగితం మీద మూడో ఏడాది సంపాదన పోవడం, రెండు ఇళ్ల అద్దె, పాప డేకేర్ కలిపి రాయమన్నాను. తేడా అనుకున్నంత లేదు. భర్త హెచ్-1బీ ఉద్యోగం ఉన్న ఊరు వదలలేరు. చివరికి రెండేళ్ల కోర్సే తీసుకుంది.

అప్పు దగ్గర మాత్రం ఊపిరాడలేదు. ఇక్కడి పౌరులో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లో కో-సైన్ (హామీ సంతకం) చేస్తే తప్ప అంత మొత్తం ఇచ్చే బ్యాంకులు తక్కువ. డిపాజిట్ గడువు నడుస్తుండగా బంధువులందరికీ ఫోన్లు చేశారు. చివరికి భర్త బాబాయి కొడుకు సంతకం పెట్టాడు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లను కాలేజీల జాబితా వేయకముందే అడుగుతున్నాను, కో-సైనర్ ఎవరు, వాళ్లతో మాట్లాడారా అని.